ఆఫ్రికా పల్లెకు తెలుగువారు పంపిన మిషనరీ

మిషను అను మాట వినబడినంతనే సముద్రము దాటి మన దేశమునకు వచ్చిన పరదేశీయులే మన మనస్సునకు తోచుదురు. మన ప్రాంత చరిత్ర అట్టిది. 1822వ సంవత్సరమున లండను మిషనరీ సంఘమువారు కడపలో పని ప్రారంభించిరి. పిమ్మట జమ్మలమడుగున వారి ఆసుపత్రి వెలసెను. 1863వ సంవత్సరమున అమెరికా రిఫార్మ్డ్ సంఘమువారి ఆర్కాటు మిషను మదనపల్లెలో పని మొదలిడెను. ఈ వృత్తాంతములన్నింటియందును ఇచ్చువారు వారు, పుచ్చుకొనువారము మనము. అయితే తెలుగువారే తమ కానుకలు కూడబెట్టి, తమలో నొకనిని ఓడ నెక్కించి, ఆఫ్రికా ఖండమునందలి యొక పల్లెకు పంపిన వృత్తాంతము కూడ నొకటి కలదు. దానిని మన బాలబాలికలలో పెక్కురు వినియుండరు. కావున ఇచ్చట వివరింప బూనితిని.

ఆ పంపబడినవాని పేరు జాన్ రంగయ్య. ఆయన నెల్లూరువాడు, ఉపాధ్యాయవృత్తియందు అనుభవము గలవాడు. 1903వ సంవత్సరమున తెలుగు బాప్తిస్టు హోమ్ మిషనరీ సంఘమువారు ఆయనను దక్షిణాఫ్రికాలోని నేటాలు దేశమునకు పంపిరి. ఆయన కుదురుకొనిన చోటు డర్బను రేవునకు ఉత్తరముగా, స్టాంగరు పట్టణమునకు కొలది మైళ్ల దూరమున లోతట్టుననున్న కియర్స్నీ యను తేయాకు తోటల పల్లె. ఆఫ్రికాకు పోవు మిషనరీ అచ్చటి జూలూ ప్రజల నడుమ పనిచేయునని మన మూహింతుము. రంగయ్యను పిలిచినవారు మాత్రము తెలుగువారు. తెలుగువారు ఆ కొండవాలులమీది కెట్లు చేరిరో ముందుగా తెలిసికొనవలెను.

నేటాలు సముద్రతీరమున ఆంగ్లేయులు చెరకు తోటలు వేసిరి. ఏడాది పొడుగున విడువక పనిచేయు మనుష్యులు వారికి కావలసియుండిరి. జూలూవారికి స్వంత భూములును, పశువులును ఉండెను. పరుల తోటలలో అల్ప వేతనమునకు నిరంతరము పనిచేయవలసిన యగత్యము వారికి అప్పటి కింకను రాలేదు. అందుచేత తోటల యజమానులు హిందూదేశమువైపు చూచిరి. 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ట్రూరో యను నోడ మద్రాసునుండి మొదటి కూలీలను డర్బను రేవున దింపెను. నాటినుండి 1911 వరకు, నడుమ 1866 మొదలు 1874 వరకు నిలిచిన కాలము తప్ప, ఓడలు నడచుచునే యుండెను. ఈ విధముగ నేటాలు చేరినవారు సుమారు 1,52,000 మంది. వారిలో మూడింట రెండు వంతులు మద్రాసు రాజధానివారు, అనగా తమిళులును, తెలుగువారును.

ఓడలు మరల నడువసాగిన రెండేండ్లకు, అనగా 1876లో, మన సీమను మహాకరవు తాకెను. 1878 వరకు కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు పడిన పాట్లు తాతలనాటి కథలుగా మన యిండ్లలో నిలిచియున్నవి. చెరువులెండెను, గొడ్లు చచ్చెను, గింజలు మాయమయ్యెను. రాజంపేట మీదుగా పోవు రైలుబాట మద్రాసు చేరును; మద్రాసులో వలస కూలీల డిపోలుండెను. నేటాలు నోడల నెక్కిన తెలుగువారిలో మనకు పొరుగుననున్న ఉత్తర ఆర్కాటు జిల్లావారు చాలమంది కలరు. చిత్తూరు, చంద్రగిరి సీమలు అప్పుడా జిల్లాలోనివే. చిత్తూరు జిల్లా 1911లో గాని యేర్పడలేదు. విశాఖపట్టణము వైపునుండియు పెక్కురు పోయిరి. ఎవడును ఆఫ్రికా చూడవలెనను వేడుకతో పోలేదు. ఇంట పొయ్యి రాజుకొనక పోయిరి.

పోవువాడు ఒక ఒడంబడిక కాగితముమీద వ్రేలిముద్ర వేయవలెను. దానిని జనులు గిర్మిటు అనిరి. అయిదేండ్లు చూపిన తోటలో పనిచేయవలెను. మొదటి యేడు నెలకు 10 షిల్లింగులు. పిమ్మట ఏడాదికొక షిల్లింగు హెచ్చు. బియ్యము, పప్పు, ఉప్పు మొదలగు బత్తెమును, ఉండుటకు లైనుకొట్టములోనొక గదియు యజమానుడీయవలెను. ఇంకొక అయిదేండ్లు, వెరసి పదియేండ్లు, ఆ దేశముననే గడపినవానికి తిరుగు ప్రయాణము ఉచితము. కాగితముపై నింతవరకు బాగుగనే యున్నది. అయితే ప్రతి మనుష్యునకును ఒక సంఖ్య యీయబడెను. అనుమతి చీటి లేక తోటనుండి మైలు దూరము దాటి కనబడినవాడు శిక్షార్హుడు. పనికి రానివాడు నేరస్థునివలె మేజిస్ట్రేటు నెదుట నిలువవలెను. వ్రేలిముద్ర వేసినవానికి ఈ షరతులు చదువ శక్తి లేకుండెను. చదివి చెప్పువాడును లేకుండెను.

ఇట్లు పోయినవారిలో కొందరు నెల్లూరు, ఒంగోలు ప్రాంతముల బాప్తిస్టు సంఘములలోనివారు. నెల్లూరునందు అమెరికా బాప్తిస్టు మిషను 1840లో స్థాపింపబడెను. చాలకాలము దానిలో చేరినవారు మిక్కిలి కొద్దిమంది. కరవు కాలమున ఒంగోలులోని క్లౌ దొర బకింగుహాము కాలువలో కొంత పనిని గుత్తకు పట్టి దిక్కులేనివారికి కూలి కల్పించెను. పిమ్మట 1878 జూలై 3వ తేదీన ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఒకే కరవు కొందరిని ఓడలకును, కొందరిని దేవమందిరములకును తోలెను. కొందరిని రెండింటికిని తోలెనని చెప్పవచ్చును. 1897లో ఈ తెలుగు సంఘములు తమ సొంత హోమ్ మిషనరీ సంఘము నేర్పరచుకొనెను. అందలి సభ్యులు అధికభాగము కూలినాలి చేసికొని బ్రతుకువారు. సముద్రమున కావలనున్న తమవారికి కాపరి కావలెనను కోరిక ఈ బీద సంఘమునకు చేరెను.

నేటాలులో హిందూదేశస్థుల నడుమ అంతకుముందే మిషను పని లేకపోలేదు. 1862లో మెథడిస్టు సంఘమునకు చెందిన రాల్ఫ్ స్టాట్ అచ్చట పని మొదలుపెట్టెను. ఆయన సింహళములో పనిచేసి తమిళము నేర్చినవాడు. డర్బనులో ఆంగ్లికను సంఘమువారి పాఠశాలలును, ఆసుపత్రియు నుండెను. కాని తెలుగుతో పని జరిపించు బోధకుడు తోటలవారికి దొరకలేదు. దొరల దృష్టిలో మద్రాసునుండి దిగినవారందరును మద్రాసీలే. తమిళమునకును తెలుగునకును భేదమెంచినవారు అరుదు. మరణశయ్యమీద నున్నవానికి తెలియని భాషలో ప్రార్థన చేసిన నేమి ఊరట కలుగును? తల్లి పాడిన భాషలో నొక్క మాట విన్న చాలునని వాని ప్రాణము కొట్టుకొనును. తెలుగు బోధకుని కోరుటకిదియే మూలము.

ఇక క్రొత్తగా కియర్స్నీ చేరినవాని కంటికి ఏమి కనబడునో చూతము. మన రాజంపేటలో జూన్ మాసము ఎండ విరిగి మేఘములకై ఎదురుచూచు కాలము. భూగోళమున దక్షిణార్ధమందున్న నేటాలులో జూన్ శీతకాలము. చేయ్యేటి యిసుకను, ఎఱ్ఱనేలను, తుమ్మచెట్లను చూచి పెరిగిన కన్నులకు ఆ పచ్చని మిట్టపల్లములు వింతగా తోచును. ఆ తోటలు లీజ్ హ్యూలెట్ అను ఆంగ్లేయునివి. తెగులు తగిలి కాఫీ తోటలు నాశనము కాగా ఆయన 1877లో తేయాకు మొక్కలు నాటించెను. నడుమెత్తు పొదలు వరుసలుగా కొండవాలుల నంటియుండును. వాటి నడుమ గంపలతో ఆకు కోయు స్త్రీలును, పిల్లలును. 1901లో స్టాంగరునుండి ఈ తోటలకు సన్నపట్టాల చిన్న రైలు కూడ నడువసాగెను. దూరమునుండి చూచువానికి ఇది రమ్యమైన దృశ్యము.

దగ్గరకు పోయిన కొలదిని రెండవ దృశ్యము బయలుపడును. చాలుగా గట్టిన లైనుకొట్టములు. ఒక్కొక్క గదిలో నొక సంసారము, లేదా పలువురు ఒంటరి పురుషులు. నూర్గురు పురుషులకు నలువదిమంది స్త్రీలను మాత్రము పంపుట నియమము గనుక ఇల్లాలు లేని బ్రతుకులే మెండు. వేకువనే గంట, పేర్లు పిలుచుట, మేస్త్రీ వెంట తోటకు నడక, పొద్దు గ్రుంకు వరకు పని. ఊరి పెద్ద లేడు, బావమరది లేడు, తప్పును దిద్ద మేనమామ లేడు. కులము, వావి, పండుగ, పంచాయితి యను కట్టుబాట్లు ఓడ దిగునప్పటికే చెదరియుండెను. ఒకే ఓడలో వచ్చినవారు ఒకరికొకరు చుట్టములైరి. ఇట్టిచోట మిషనరీకి మొదట కలుగవలసిన ప్రశ్న ఒక్కటియే: ఈ జనుల దినములో వారి సొంతమైన గడియ యేది?

ఈ ప్రశ్నకు వచ్చిన జవాబే కియర్స్నీ మిషను పనికి రూపము నిచ్చెను. పగలు యజమానునిది. మైలు దాటుటకు చీటి కావలెను. కావున జనులు ఒకచోటికి వచ్చుట దుర్లభము, బోధకుడే తోటనుండి తోటకు నడువవలెను. మిగిలినవి సాయంకాలములును, ఆదివారములును. ఒక్క గొప్ప మందిరమునకు బదులు తోటకొక చిన్న కూటము అవసరమయ్యెను. బోధకుడు లేని దినములలో కూటము నడపుటకు తోటవారిలోనే యొకడు చదువరి కావలెను. అందుచేత బోధయు, అక్షరమును విడదీయరానివయ్యెను. మన దేశమున మిషను పాఠశాల మందిరము ప్రక్కన వెలసినదన్న, అచ్చట మందిరము నిలుచుటకే పాఠశాల ఆధారమైనదని చెప్పవలెను. రంగయ్య వచ్చిన యేడే, 1903 డిసెంబరులో, కియర్స్నీలో మొదటి తెలుగు బాప్తిస్టు సంఘము స్థాపింపబడెను. మనము చలిలో క్రిస్మసు జరుపుకొను దినములు అచ్చట వేసవి దినములు. తేయాకు చిగుళ్లు తొడిగి పని ముమ్మరముగానుండు కాలము.

ఆ 1903వ సంవత్సరముననే మరియొకటి జరిగెను. గిర్మిటు ముగించియు మరల గిర్మిటు వ్రాయక, స్వదేశమునకును పోక, స్వతంత్రముగా నేటాలులో బ్రతుకగోరినవారిపై 1895 నాటి చట్టము ఏడాదికి 3 పౌనుల పన్ను విధించియుండెను. 1903లో చేసిన చట్టము దానిని పిల్లలకు కూడ విస్తరింపజేసెను: మగపిల్లలకు 16 ఏండ్లు, ఆడపిల్లలకు 13 ఏండ్లు నిండిన చాలు, పన్ను కట్టవలసినదే. నెలకు 10 షిల్లింగులు కూలి గలవానికి 3 పౌనులు, అనగా 60 షిల్లింగులు, ఆరు మాసముల కూలి. భార్యయు, ఎదిగిన యిద్దరు బిడ్డలును గలవాడు ఏడాదికి 12 పౌనులు తేవలెను. తేలేనివాడు మరల వ్రేలిముద్ర వేయును. ఇది తెలియకయే ఆ పల్లెలోని కూటములను తలచుకొనువాడు అచ్చటి పాటలను వినును గాని ప్రాణములను వినడు. ఎనిమిదవ తరగతి చదువు మన బాలిక కెంత వయస్సుండునో, పన్ను కట్టవలసిన బాలిక కంతే వయస్సు.

అచ్చటి నేల వట్టి నేల కాదని కూడ మరువరాదు. స్టాంగరు పట్టణము జూలూ రాజైన షాకా రాజధానిగానుండిన చోటనే కట్టబడెను. ఆయన 1828లో అచ్చటనే చంపబడెను. దానికి సమీపముననే గ్రౌట్‌విల్ అను పల్లె కలదు. అది అమెరికా మిషనువారు జూలూ క్రైస్తవులకై యేర్పరచినది. 1960వ సంవత్సరపు నోబెల్ శాంతి బహుమానము పొందిన ఆల్బర్ట్ లుతులీ ఆ పల్లెకు నాయకుడుగా నుండినవాడు. కొలది మైళ్లలో రెండు మిషను పల్లెలు: ఒకదానిలో తమ భూములు పోగొట్టుకొనుచున్నవారు, రెండవదానిలో తమ భూములు విడిచి వచ్చినవారు. 1906లో తలపన్నునకు వ్యతిరేకముగా జూలూవారు తిరుగబడినప్పుడు ఆ యలజడి స్టాంగరు పైభాగముననున్న మపుములో సీమకును ప్రాకెను. అనగా ఒకే ప్రభుత్వము ఇరుగుపొరుగువారి నిరువురను పన్నుచేతనే పనికి తోలుచుండెను. కాని భాష వేరు, లైను వేరు, మందిరము వేరు. తెలుగు మిషను తెలుగువారిలోనే నిలిచెను. అది దాని బలమును, దాని హద్దును.

తరువాతి వృత్తాంతమును సంగ్రహముగా చెప్పుదును. కూలీలను పంపుట 1911లో నిలిచిపోయెను. 1913లో గాంధీ మహాత్ముని నాయకత్వమున 3 పౌనుల పన్నుపై సమ్మె లేచి, గనులనుండి తీరపు తోటలకు ప్రాకెను. తోటలలో కాల్పులు జరిగి కూలీలు ప్రాణములు గోల్పోయిరి. 1914లో ఆ పన్ను రద్దయ్యెను. ఆ సంవత్సరముననే తెలుగు సంఘములు కలిసి నేటాల్ ఇండియన్ బాప్తిస్టు అసోసియేషనుగా నేర్పడెను. మరుసటి యేడు, 1915లో, రంగయ్య చనిపోయెను. ఆయన అచ్చట పనిచేసినది పండ్రెండేండ్లు. కూలీల రాక నిలిచిన పిమ్మట తేయాకు క్షీణించి, ఆ కొండలను చెరకు ఆక్రమించెను. సంఘములు మాత్రము నిలిచెను. 1931లో డర్బనునందు తెలుగువారు మతభేదము లేక ఆంధ్ర మహాసభ నేర్పరచుకొని భాషను కాపాడ బూనిరి. అయినను తరములు మారిన కొలదిని తెలుగు వెనుకకు తగ్గి, ఇండ్లలోను, మందిరములలోను ఇంగ్లీషు ప్రబలెను.

ఈ పనివలన కలిగిన లాభమేమి యని అడుగువారుందురు. మిషను గిర్మిటును రద్దుచేయలేదు; పన్నును తీసివేయలేదు; కూలిని పెంచలేదు. ఇది దాచదగినది కాదు. అది చేసినది వేరొకటి. సంఖ్యతో పిలువబడినవానిని ఆదివారమునాడు పేరుతో పిలిచెను. పెండ్లికి సాక్షులను, చావునకు మోయువారిని, పసిబిడ్డకు అక్షరములు దిద్దించువారిని కల్పించెను. ఊరు లేనివారికి ఊరైనది. తోట యజమానుని దానముగా గాక, తమవంటి బీదల కానుకలచేత వచ్చిన మనిషి యగుటచేత, ఆ వచ్చినవాని యెదుట వారు తల వంచుకొనవలసిన పని లేకపోయెను.

ఇది నూరేండ్లు దాటిన కథ గదా, రాజంపేటవారికి దీనితో నేమి పని యని యందురేమో. మన రాజంపేట, రైల్వేకోడూరు, రాయచోటి ప్రాంతములలో కువైటునకు పోయినవారు లేని పల్లె అరుదు. ఈ పత్రికను చదువు విద్యార్థులలో తండ్రియో, తల్లియో, అన్నయో అచ్చటనున్నవారు కలరు. ఇండ్లలో పనికి పోవు స్త్రీలకిచ్చు ఖద్దామా వీసా యను మాట మన పల్లెలలో చదువురాని ముసలివారికిని తెలియును. అచ్చటను ఒడంబడిక కాగితము కలదు. అది అరబ్బీలో నుండును. అచ్చటను శుక్రవారము దొరకిన కొలది గడియలలో తెలుగువారు ఒకచోట చేరి తెలుగులో పాడుకొందురు. కువైటు నగరమున వారు కూడు మందిరపు ఆవరణకు మూలము, మదనపల్లెలో పనిచేసిన ఆ అమెరికా రిఫార్మ్డ్ సంఘమువారే అచ్చట స్థాపించిన మిషను. ఒక చేతిదీపము రెండు తావుల వెలిగించిన రీతిగ నున్నది.

నాటికిని నేటికిని భేదము లేకపోలేదు. మద్రాసు డిపోలలో వలసదారుల సంరక్షకుడను నధికారి యుండెను. 1983లో భారత పార్లమెంటు చేసిన వలసల చట్టము కూడ ఆ పేరనే అధికారులను నియమించెను. ఆ చట్టపు నిబంధనల క్రింద, పదవ తరగతి ప్యాసు కానివాడు కువైటువంటి దేశములకు పనికి పోవుటకు వలస అనుమతి పొందవలెనని యేర్పాటయ్యెను. చదువునకును, చదువులేమికిని నడుమనున్న గీత పాసుపోర్టు మీదనే గీయబడినదన్నమాట. వ్రేలిముద్ర వేసిన తాతకు దొరకనిది, ఈ పాఠశాల బల్లమీద కూర్చున్న మనుమనికి దొరకుచున్నది.

కావున విద్యార్థులారా, మిషను పని యనగా దూరదేశమునకు పోవుటయే యని తలపకుడు. కియర్స్నీ పల్లె మనకు నేర్పునది చాల సులభమైనది. సేవచేయ బోయినవాడు మాటలాడకముందు చూడవలెను: ఎవరి గడియ యెవరి చేతనున్నది, ఎవరి కాగితము నెవరు చదువుచున్నారు, ఎవరి పేరు సంఖ్యగా మారినది. ఈ చూపు రాజంపేట వీథులలోనే యలవరచుకొనవచ్చును. మీ వీథిలో ప్రయాణమునకు సిద్ధమగుచున్న అక్క యున్నచో ఆమె ఒడంబడికను అర్థము తెలిసినవారిచేత చదివించుడు. జీతము, పని గంటలు, యజమానుని పేరు, మన రాయబార కార్యాలయపు ఫోను సంఖ్య తెలుగున వ్రాసి ఆమె చేతికిండు. ఆమె వెనుక నిలిచిన బిడ్డకు సాయంకాలము పాఠము చెప్పుడు. నెల్లూరు సీమ కూలివారు అణాలు కూడబెట్టి ఆఫ్రికాకు పంపినది సరిగా ఇట్టి సహాయమునే.